దాలమ్మ మట్టిని వెతుక్కుంటూ: ఖిదిర్‌పూర్ నుంచి సంత్రాగాఛికి ఒక పగలు

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. దీపావళి ఇంకా వారం ఉందనగా కలకత్తా నుంచి మా చిన్నమ్మ దాలమ్మ ఫోన్ చేసింది. ఆవిడకు సొంత ఫోను లేదు, పక్కింటివాళ్ళ మొబైల్ అడిగి చేయాలి. అందుకని ఎప్పుడు చేసినా ముందు అందరి క్షేమమూ గబగబా అడిగేస్తుంది. ఈసారి అదీ అడగలేదు. "సరోజా, నువ్వు మొక్కల సదువు సదివినావు గదా. రోడ్డు తవ్వినోలు ఆ మట్టి ఎక్కడికి తోలుకుపోతారే?" అంది. నేను పలాసలో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు. తెలియదు చిన్నమ్మా అన్నాను. "మరేటి నేర్పుతున్నావు పిల్లలకి?" అని ఫోన్ పెట్టేసింది. మర్నాడే సెలవు చీటీ రాసి రైలెక్కాను. ఈ బ్లాగులో ఎప్పుడూ ఏ ఊరికి ఏ బస్సు, ఎక్కడ భోజనం బాగుంటుంది అని రాస్తుంటాను. ఈసారీ బస్సులున్నాయి, భోజనమూ ఉంది. వాటితోపాటు కోపం కూడా ఉంది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని రాయడం నాకు చేతకాలేదు.

మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా ఏక్‌బాల్‌పూర్‌లో ఒక్క గదిలో ఉంటోంది. చిన్నాన్న ఖిదిర్‌పూర్ డాకుల్లో ఓడల సరుకు దింపే కూలి. ఆయన పోయాక కూడా ఆవిడ మా ఊరికి తిరిగి రాలేదు, ఎందుకంటే ఆవిడకు అక్కడ తన పని ఉంది. తెల్లవారకముందే ఆకుకూరలు ఏరి, ఆరున్నరకల్లా ఖిదిర్‌పూర్ బజారులో గోనె పరిచి కూర్చుంటుంది. పాలకూర, మెంతికూర అందరి దగ్గరా దొరుకుతాయి. దాలమ్మ దగ్గర దొరికేవి వేరు. రోడ్డు పక్కన, కాలువ గట్టున, గోడ నీడన తమంతట తాము మొలిచేవి. పొన్నగంటిని బెంగాలీలు శాంచి అంటారు, మన గలిజేరు వాళ్ళకు పునర్నవ, మండూకపర్ణి థాన్‌కుని. చెమ్మలో నాలుగాకులుగా విచ్చుకునే శుష్ని, కొంచెం చేదుగా ఉండే హించే, పొద రూపంలో పెరిగే ఘెంటు కూడా ఆవిడ గోనె మీద ఉంటాయి. కాళీపూజకు ముందురోజు బెంగాలీ ఇళ్ళలో పద్నాలుగు రకాల ఆకులు కలిపి వండుకు తింటారు. ఏవి ఆ పద్నాలుగన్నది ఇంటింటికీ కాస్త మారుతుంది గాని, లెక్క మాత్రం పద్నాలుగే. బజారులో చాలామంది ఏవో ఐదారు ఆకులు తరిగి కలిపేసి పద్నాలుగని అమ్మేస్తారు. దాలమ్మ కట్ట విప్పి ఎంచుకోవచ్చు. అందుకే పాత ఇళ్ళ ఆడవాళ్ళు ఆ ఒక్కరోజు దూరం నుంచి కూడా ఆవిడ దగ్గరికి వస్తారు. ఏడాదికంతటికీ ఆవిడకు అది పెద్ద బేరం, పెద్ద గౌరవం కూడా.

వెళ్ళాలనుకునేవారి కోసం దారి చెబుతాను. పలాసలో సాయంత్రం రైలెక్కితే మర్నాడు ఉదయానికి హౌరా. స్టేషన్ బయట ధర్మతల్లా బస్సు పట్టుకుని, అక్కడ ఖిదిర్‌పూర్ ట్రాము ఎక్కండి. బస్సులో వెళితే తొందరగా చేరతారు, కానీ ట్రాము మైదానం గడ్డి మధ్య నుంచి మెల్లగా పోతుంది, టికెట్టు నాలుగు రూపాయలైనా ఉండదు, కిటికీ పక్కన కూర్చుంటే రైలు బడలిక అంతా దిగిపోతుంది. ఖిదిర్‌పూర్‌లో దిగి ఏక్‌బాల్‌పూర్‌కి నడకే. గోడల నిండా ఎర్రరంగు నినాదాలు, కొడవలి గుర్తులు, కూలివాడిదే రాజ్యమని పెద్ద పెద్ద అక్షరాలు. ముప్పై ఏళ్ళుగా అదే రంగు, ఏటా కొత్తగా పూస్తారు. నేను చేరేసరికి చిన్నమ్మ గుమ్మంలో కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. మోచేతుల మడతల్లో, మెడ చుట్టూ చర్మం మందంగా, నల్లగా, పగిలిపోయి ఉంది. ఏమిటిది అంటే, రేపు చూద్దువుగాని అంది.

మర్నాడు ఐదున్నరకు బయలుదేరాం. డాకు పొడవాటి ప్రహరీ వెంబడి పోయే రోడ్డు అది. గోడకూ రోడ్డుకూ మధ్య మూడు బారల వెడల్పున నేల, దాదాపు అర కిలోమీటరు. నేను రెండేళ్ళ క్రితం చూసినప్పుడు అది పచ్చగా, ఒత్తుగా, అడుగు పెడితే మెత్తగా దిగేలా ఉండేది. మధ్యలో మట్టి కాలువ, దాని అంచున శుష్ని, హించే. మొన్నటి ఎండాకాలంలో రోడ్డు వెడల్పు చేశారు. ముందు యంత్రంతో మోకాలి లోతు మట్టి గీకి లారీలకెత్తారు. మట్టి కాలువ పూడ్చి సిమెంటు కాలువ కట్టారు. మిగిలిన నేలను ఇటుక ముక్కలు, సున్నపు పెళ్ళలు కలిసిన చెత్తమట్టితో నింపారు. నేను చూసేసరికి దాని మీద గోడ పొడవునా నడుమెత్తున ఒకే ఒక్క రకం మొక్క, తల నిండా చిన్న చిన్న తెల్లపూలు. పొద్దున్నే మంచులో చూస్తే అందంగానే ఉంటుంది. మన వైపు వయ్యారిభామ అంటాం. దీనికి ఒక పార్టీ పేరుతో ఇంకో పేరు కూడా ఉంది, ఎర్రజెండా ఊళ్ళో ఆ పేరు చెబితే నవ్వుతారు. అమెరికా ఖండపు మొక్క, తిండిగింజలతోపాటు ఓడల్లో వచ్చిందంటారు. మూడు బారల నేలలో దాలమ్మ ఏరిన ఆరు రకాలకు గాను ఆ పొద్దు మాకు దొరికినవి గోడ పగుల్లోంచి వేలాడుతున్న నాలుగు గలిజేరు తీగలు, అంతే. అవి కోయాలన్నా ఆ తెల్లపూల మధ్యకే దూరాలి. ఆవిడ చేతులు ఎందుకలా అయ్యాయో అడగాల్సిన అవసరం లేకపోయింది. దాని పేరేటని అడిగింది. చెప్పాను. "ఈ పేరెట్టినోడికి దీని దురద తగిలుండదు," అంది.

ఇక్కడ రెండు ముక్కలు నా పాఠంలోవి చెప్పక తప్పదు. రోడ్డు పక్క నేల అంటే ఖాళీ నేల అనుకుంటాం. కానీ పై జానెడు మట్టిలోనే ఎన్నో ఏళ్ళ విత్తనాలు నిద్రపోతుంటాయి, గలిజేరు లాంటి వాటి వేళ్ళు కోసిన ప్రతిసారీ మళ్ళీ చిగురు వేస్తుంటాయి. ఆ పొర తీసేస్తే అక్కడి మొక్కల విత్తనాలూ వేళ్ళూ దానితోనే పోతాయి. మిగిలిన బోడినేల మీద పోటీ ఉండదు. ఇలా తిరగేసిన నేలే వయ్యారిభామకు ఇష్టం. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, దాని వేళ్ళూ ఆకులూ వదిలే రసాలు పక్క మొక్కల మొలకను అణిచేస్తాయి. తవ్విన పారకు అంటుకుని, లారీ టైరుకు అంటుకుని తర్వాతి రోడ్డుకు ప్రయాణిస్తుంది. ఇదంతా ఇంటర్ పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదే. రోడ్డు వేసేవాళ్ళకు చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

ఆ వీధి చివర టీ కొట్టు దగ్గర మట్టి లారీలు ఆగుతాయి. అక్కడ మాకు మనవాడే ఒక డ్రైవరు దొరికాడు. అప్పన్న అని రాస్తున్నాను గాని అది అతని పేరు కాదు. మందస వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి, దాలమ్మను అత్తా అని పిలుస్తాడు. మట్టి సంగతి అడిగితే మొదట ఏమీ తెలియదన్నాడు. చిన్నమ్మ అతనికి టీ ఇప్పించి, తన రెండు మోచేతులూ చూపించి కూర్చుంది.

"నాను సెప్పినానని ఎవులితోనీ అనొద్దత్తా," అన్నాడు చివరికి. "పైన నల్లమట్టి సంత్రాగాఛిలో నర్సరీకి తోలినాం. ఇక్కడ పోసినాది బెహాలా కాడ కూలగొట్టిన గోడౌను పెంట. అది ఎత్తినప్పుడే దాని మీద ఈ తెల్లపూలు మొలిసి ఉన్నాయి. ఇయ్యి కూడా కాంట్రాక్టులో రాసినారేటని నవ్వుకున్నాం."

నాకు నవ్వు రాలేదు. కాంట్రాక్టరు మంచి మట్టి గీకి అమ్ముకున్నాడు, చెత్త పారబోయడానికి ఖర్చు లేకుండా అదే గుంతలో పోసేశాడు, నింపినందుకు బిల్లూ పెట్టుకున్నాడు. ఒక్క దెబ్బకు మూడు లాభాలు. ఆ మూడింటికీ తన చేతుల చర్మం ఇచ్చుకున్న మనిషి నా పక్కన కూర్చుని టీ గ్లాసు కడిగి తిరిగి ఇస్తోంది. అప్పన్న నర్సరీ గుర్తులు చెప్పాడు. చిన్నమ్మ ఆ పూట బజారుకు వెళ్ళలేదు. ఖాళీ గోనె ఒకటి చంకన పెట్టుకుని, పద అంది.

ఖిదిర్‌పూర్ నుంచి రెండో హుగ్లీ వంతెన మీదుగా సంత్రాగాఛి వైపు బస్సులు తరచుగా ఉంటాయి, మనిషికి ఏడు రూపాయలు తీసుకున్నారు. తొమ్మిదింటికి ఎక్కాం. చలికాలంలో చాలామంది సంత్రాగాఛి చెరువుకు వలస పిట్టల్ని చూడటానికి వెళతారు, వాళ్ళకూ ఇదే దారి. వంతెన మీద నది గాలి బాగుంటుంది, కుడివైపు కూర్చోండి. వంతెన దిగాక కోనా రోడ్డు. అక్కడి నుంచి నేను నది సంగతి మరిచిపోయి రోడ్డు అంచులే చూశాను. ఎక్కడ మట్టి కదిలిందో అక్కడల్లా అదే తెల్లపూల వరస. కేబుల్ కోసం తవ్విన గాడి పొడవునా దారం పట్టినట్టు తిన్నగా పూసింది. తవ్వని చోట, ఒక పాత చెరువు గట్టు మీద మాత్రం ఘెంటు పొదలు, చేమదుంపల ఆకులు, నేలను పట్టుకున్న గరిక. తవ్వని చోట బెంగాలు, తవ్విన చోట ఏ ఊరూ కాని ఊరు. చిన్నమ్మ కూడా అటే చూస్తోంది. ఇన్నేళ్ళలో ఈ రోడ్డు మీదికి రావడం ఇదే మొదటిసారట. ఇంత మేర పాడైందని తెలిస్తే ఒక్క తన గోడ గురించి ఏడ్చేదాన్ని కానని అంది.

నర్సరీ సంత్రాగాఛి స్టేషన్‌కు ఇవతల, రోడ్డు మీదే ఉంది. ముందు గులాబీలు, క్రోటన్లు. వెనక వరండా కప్పంత ఎత్తు మట్టికుప్ప. దగ్గరికి వెళ్ళగానే చిన్నమ్మ చెప్పులు విప్పింది. వానలకు ఆ కుప్ప మీద మొలకలొచ్చాయి. ఎత్తున ఎర్రటి కాడలతో గలిజేరు, వాలులో పొన్నగంటి, నీడపక్కన చిన్న చిన్న గొడుగుల్లా మండూకపర్ణి, విరిగిన వేరు ముక్కల్లోంచి ఘెంటు చిగుళ్ళు. అర కిలోమీటరు గోడ వెంబడి పరుచుకుని ఉండాల్సినవి ఒకదాని మీద ఒకటి కుక్కినట్టున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు కింద కూర్చుని ఆ మట్టిని జల్లెడ పడుతూ, మొలకల్నీ వేళ్ళనూ పీకి వెనక గుంటలోకి విసిరేస్తున్నారు. జల్లించిన మట్టి సంచుల్లోకి పోతోంది, సంచుల మీద పువ్వుల బొమ్మ. మేడల బాల్కనీ కుండీలకట.

నర్సరీ యజమాని మర్యాదస్తుడే. దిది, ఏం మొక్క కావాలని నన్ను అడిగాడు. చిన్నమ్మ తన బెంగాలీలో, ఇది మా ఖిదిర్‌పూర్ మట్టి బాబూ అంది. మట్టి మీద పేరు రాసి ఉంటుందా మాషీ అని అతను నవ్వాడు. ఆవిడ వంగి కుప్పలోంచి నల్లగా గరుకుగా ఉన్న పెళ్ళ ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది. బొగ్గు చిట్టెం. డాకు లోపలి పట్టాల మీద బొగ్గింజన్లు తిరిగిన కాలంలో బూడిద అంతా గోడ బయట పోసేవారట, ఆ మట్టిలో ఎక్కడ తవ్వినా అవే తగులుతాయి. అతను దాన్ని తిప్పి చూశాడు. ఇక వాదించలేదు. కాంట్రాక్టరు లారీ లెక్కన అమ్మాడు, నేను కొన్నాను, ఇందులో నా తప్పేముందో చెప్పండి అన్నాడు. నిజం చెప్పాలంటే అతని తప్పు పెద్దగా లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరిని పట్టుకున్నా ప్రతివాడికీ ఒక రశీదు ఉంటుంది.

మరి ఆ మొక్కల్ని ఎందుకు పారేస్తున్నారని అడిగాను. కొనేవాళ్ళు కలుపు లేని మట్టి అడుగుతారన్నాడు. "ఎ షొబ్ జొంగోల్, దిది." ఇదంతా అడవి పిచ్చిమొక్కలని. ఇంకో మూడు రోజుల్లో కలకత్తాలో ప్రతి ఇంటా వండుకునే ఆకుల్లో నాలుగు రకాలు అతని గుంటలో ఎండిపోతున్నాయి. వాళ్ళ ఇంట్లోనూ వండుతారు కదా అంటే, అవును, అమ్మ బజారు నుంచి తెప్పిస్తుందన్నాడు. అక్కడే వరసగా పసుపు పూల నేలతీగ నారు ట్రేలు ఉన్నాయి. అది కూడా పరదేశపుదే, పడిన చోట ఇంకొకదాన్ని బతకనివ్వదు. ఇవెక్కడికి అని అడిగితే సంతోషంగా చెప్పాడు, డాకు గోడ దగ్గర కొత్త రోడ్డు పక్క అందం కోసం నాటడానికి, అదే కాంట్రాక్టరు ఆర్డరట. మట్టి దోచి అమ్మారు. దాని స్థానంలో విషపు మొక్కను మట్టితో సహా తెచ్చి పోశారు. ఇప్పుడు దాని మీద మరో పరాయి తీగ కప్పి, దానికి అందం అని పేరు పెట్టి మళ్ళీ డబ్బు తీసుకుంటారు.

నేను పర్సు తీసి, రెండు సంచుల మట్టి ఇవ్వమన్నాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా కాళ్ళకింద మట్టి నానే కొనుక్కుంటే ఆలికి రుసి తగుల్తాదే," అంది. "రేపు ఇంకో రోడ్డు తవ్వుతారు. పైసలు లోపలెట్టుకో." తర్వాత యజమాని వైపు తిరిగి, నువ్వు పారేసిందే నాకు కావాలి బాబూ, నువ్వు అమ్మేది వద్దు అంది.

అతను తల ఊపాడు. జల్లెడ పడుతున్న ఇద్దరు ఆడవాళ్ళూ అంతసేపూ వింటున్నారు. వాళ్ళు లేచి మాతోపాటు గుంట దగ్గరికి వచ్చారు. తాము విసిరేసిన వాటిని తామే ఏరి, వాడినవి ఒక పక్క, వేళ్ళకు ఇంకా మట్టిపెళ్ళ ఉన్నవి ఒక పక్క పెట్టారు. వాళ్ళలో పెద్దావిడ మరో పని చేసింది. కుప్ప దగ్గరికి వెళ్ళి మొలకల్ని జల్లెడలో దులపకుండా, గడ్డపలుగుతో దోసెడేసి మట్టితో సహా పెళ్ళగించి గోనెలో వేసింది. యజమాని చూశాడు, చూడనట్టు గులాబీల వైపు వెళ్ళిపోయాడు. గోనె సగం నిండింది. ఇద్దరం చెరోపక్కా పట్టుకోవాల్సి వచ్చింది.

పన్నెండు దాటింది. స్టేషన్ రోడ్డులో రైల్వే వాళ్ళు తినే భోజన హోటళ్ళు నాలుగైదున్నాయి, అన్నం, పప్పు, చేపల కూర ఇరవై రూపాయలకు కడుపునిండా పెడతారు. మేము వెళ్ళిన హోటల్లో వంటాయన మా గోనె చూసి అందులో ఏముందని అడిగాడు. చిన్నమ్మ పిడికెడు పొన్నగంటి తుంపి ఇచ్చింది. ఆయన దాన్ని ఆవనూనెలో నాలుగు వంకాయ ముక్కలతో వేయించి మాకే తెచ్చి పెట్టాడు. ఎదురుగా రోడ్డవతల చూపించి, ఆ పల్లంలో ఇదివరకు శాంచి, హించే నేనే కోసుకొచ్చేవాణ్ణి దిది, పల్లం పూడ్చేశాక ఏ ఆకూ కొనకుండా వండలేకపోతున్నానని చెప్పాడు. కూరకు డబ్బు తీసుకోలేదు. అంత రుచిగా నేను పొన్నగంటి ఎప్పుడూ తినలేదు, కోపంలో తిన్నందుకేమో.

రెండున్నరకు మళ్ళీ డాకు గోడ దగ్గర దిగాం. రోడ్డు పని సూపర్‌వైజరు కొలత టేపుతో నిలబడి ఉన్నాడు. ఇద్దరు కూలీలు కొడవళ్ళతోనూ ఉత్త చేతులతోనూ వయ్యారిభామ పీకుతున్నారు, పసుపు తీగ నాటడానికి చోటు చేస్తున్నారన్నమాట. పూత మీదున్న మొక్కను పీకి పక్కనే పడేస్తే విత్తనమంతా అక్కడే రాలుతుంది. ఆ మాటే ముందు చెప్పాను. పై మట్టి తీసినప్పుడు విడిగా కుప్ప పోసి, పని అయ్యాక మళ్ళీ పైనే పరిస్తే ఇదంతా వచ్చేది కాదని కూడా చెప్పాను. అతను ఓపిగ్గానే విన్నాడు. పైమట్టి, అడుగుమట్టి అని తమ కాగితాల్లో తేడా లేదట. తవ్వినంత తీయాలి, నింపినంత నింపాలి.

"చెట్లు కొడితే లెక్క చెప్పాలి, అది నేనూ ఒప్పుకుంటాను," అన్నాడు. "గడ్డికి లెక్కేమిటి దిది? గడ్డి కోసం రైలెక్కి వచ్చారా?"

చిన్నమ్మ ముందుకొచ్చి చేతులు చాచింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. మంచి సబ్బు వాడమన్నాడు, అంటువ్యాధి ఉన్నవాళ్ళు బజారులో కూర్చోకూడదన్నాడు. బజారులో కొందరు ఇదివరకే ఆ చేతులు చూసి పక్క గోనె దగ్గరికి వెళ్ళిపోతున్నారని ఆవిడ అంతకు ముందు రోజే నాతో చెప్పింది. నేను గొంతు పెంచాను, ఏమన్నానో ఇక్కడ రాయను. అప్పుడు కూలీలిద్దరూ పని ఆపారు. వాళ్ళు ముర్షిదాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళట. ఒకతను కొడవలి కింద పెట్టి చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండో అతనూ మడిచాడు. దాలమ్మ మోచేతుల మీద ఉన్నదే వాళ్ళ మోచేతుల మీదా ఉంది, ఇంకా పచ్చిగా, ఎర్రగా. సూపర్‌వైజరు టేపు చుట్టుకుంటూ, ఈ పూటకు చాలు, వెళ్ళండని వాళ్ళతో అన్నాడు.

ఆ సాయంత్రం ఒక అర్జీ రాశాం. వీధిలో ఉండే బడి పంతులు ఒకాయన దాన్ని బెంగాలీలో రాసిపెట్టాడు. పైమట్టి తిరిగి తెచ్చి పరచాలని, పసుపు తీగ నాటొద్దని, మొక్కలు పీకేవాళ్ళకు చేతి తొడుగులివ్వాలని మూడు కోరికలు. దాలమ్మ వేలిముద్ర, కూలీలిద్దరి సంతకాలు, నా సంతకం. మర్నాడు వార్డు ఆఫీసులో ఇచ్చాం, ముద్ర వేసిన కాపీ నా దగ్గరుంది. తెచ్చుకున్న వేళ్ళను డాకు క్వార్టర్ల వెనక, ఏ రోడ్డూ రాని కాలువ పక్కన పాతుకున్నాం. గలిజేరు ఎలా పెట్టినా వస్తుందని, ఘెంటు మాత్రం అలుగుతుందని చెబుతూ ఆవిడే నాటింది. నేను నీళ్ళు మోశాను.

ఆకుల రోజు ఉదయం నేనూ బజారులో ఆవిడ పక్కన కూర్చున్నాను. వేప, బతువా అనే పప్పుకూర, ఆవ లాంటివి హోల్‌సేల్లో తెచ్చింది, గోనెలోంచి నాలుగు రకాలు వచ్చాయి. హించే, శుష్ని లేవు. ఆ రోజు హోల్‌సేల్లో వాటి ధర ఆవిడ అందుకోగలిగేది కాదు, కట్టలు కూడా తెల్లారకముందే అయిపోయాయి. మొత్తం పన్నెండు. చుట్టూ అందరూ పద్నాలుగు, పద్నాలుగు అని కేకలు వేస్తుంటే దాలమ్మ ప్రతి మనిషికీ ముందే చెప్పింది, ఈ ఏడు పన్నెండే అమ్మా, రెండు నాకు దొరకలేదని. చాలామంది వెళ్ళిపోయారు. నేనుంటే ఏ తోటకూరో కలిపేసేదాన్నేమో. పదింటికి ఒక ముసలావిడ కర్ర పట్టుకుని వచ్చింది, చాలా ఏళ్ళుగా కొనే మనిషట. కట్ట విప్పి ఎంచింది. పన్నెండు. మళ్ళీ ఎంచింది. ఏవి లేవని అడిగింది. చిన్నమ్మ చెప్పింది, ఎందుకు లేవో కూడా చెప్పింది, డాకు గోడ దగ్గర్నుంచి సంత్రాగాఛి దాకా. ఆవిడ కట్ట సంచిలో వేసుకుని, "లేనివాటి పేర్లు నేను వండేటప్పుడు అనుకుంటాలే," అని వెళ్ళిపోయింది. చిన్నమ్మ ఆవిడ వెళ్ళిన వైపే చాలాసేపు చూసింది. మధ్యాహ్నానికి సగం కట్టలు మిగిలాయి. మేమే వండుకున్నాం.

ఇది జరిగి రెండు నెలలు దాటింది. నిన్న చిన్నమ్మ ఫోన్ చేసింది. కూలీలకు చేతి తొడుగులు వచ్చాయట. మట్టి రాలేదు. పసుపు తీగ నాటేశారు, దాని సందుల్లోంచి వయ్యారిభామ మళ్ళీ తల ఎత్తుతోందట. క్వార్టర్ల వెనక గలిజేరు, పొన్నగంటి పట్టుకున్నాయి, ఘెంటు పోయింది. ఇదివరకటి అమ్మకంలో సగం కూడా లేదు, చేతులు మాత్రం కొంచెం నయం. నేను మాత్రం కాలేజీలో ఆ పాఠం ఇదివరకటిలా చెప్పలేకపోతున్నాను. పరాయి మొక్కలు దండెత్తి వచ్చాయని పుస్తకంలో ఉంటుంది, అవి వాటంతట అవే వచ్చినట్టు. ఎవరూ దండెత్తలేదు. మనం ఉన్నవాటిని లారీలకెత్తి అమ్మేసి, నేలను బోడి చేసి, తలుపు తీసి పెట్టాం. ఆ పని చేసినవాళ్ళకు దురద రాదు. వచ్చేది తెల్లవారకముందే ఆ నేల మీద వంగే మనుషులకు. గడ్డికి లెక్కేమిటని అడిగిన ఆ సూపర్‌వైజరుకు నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఇప్పుడు ఉంది. లెక్క పద్నాలుగు.

సంత్రాగాఛి చెరువుకు పిట్టల్ని చూడటానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. రోడ్డు దిగి గట్టు మీదికి నడిచే ముందు, మళ్ళీ ఇంటికి బయలుదేరే ముందు, చెప్పుల అడుగునా ప్యాంటు అంచునా అంటుకున్న మట్టిని దులిపి, ఒక సీసా నీళ్ళతో అక్కడే కడిగేయండి. పలాస వచ్చాక నా చెప్పుల గాడుల్లో ఎండిన మట్టిని పుల్లతో గీకి కాగితం మీద పోసి భూతద్దంతో చూశాను. తొమ్మిది వయ్యారిభామ విత్తనాలు దొరికాయి. పొయ్యిలో వేశాను.